గొంతులో పులుపు, ఛాతీలో పిల్లికూతలు

మీ ప్రశ్న – మా జవాబు
(ఊపిరితిత్తుల, జీర్ణకోశ వైద్య నిపుణులు)

ప్రశ్న: నా వయసు 46. టీచర్‌ని. పదేళ్లుగా ఉబ్బసం ఉంది. బుడెసొనైడ్-ఫార్మోటెరాల్ రొటోక్యాప్స్ ఉదయం, రాత్రి పీలుస్తాను. ఏడాదిగా వారంలో మూడు నాలుగు రాత్రులు గుండెల్లో మంట, నోట్లోకి పుల్లటి నీళ్లు, ఆ వెంటనే దగ్గు, పిల్లికూతలు. తొమ్మిదిన్నరకు అన్నం తిని పదింటికి పడుకుంటాను. బరువు 78 కిలోలు, ఎత్తు 156 సెంటీమీటర్లు. ఎండోస్కోపీ నార్మల్ అన్నారు. మా ఆడపడుచు ‘నీది ఉబ్బసం కాదు వదినా, గ్యాసే. గ్యాస్ మాత్ర వేసుకుంటే పంపు మానేయొచ్చు’ అంటోంది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ ఆడపడుచు అన్నదాంట్లో సగం నిజం. మిగతా సగం నమ్మి పంపు మానేస్తే మాత్రం ఏదో ఒక రాత్రి ఎమర్జెన్సీ వార్డులో తేలతారు.

నిజమైన సగం ముందు చూద్దాం. అన్నవాహిక కింది చివర, జీర్ణాశయంలోకి తెరుచుకునే చోట, కండరాల బిగింపు ఒకటి ఉంటుంది. అది సడలినప్పుడల్లా ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. ఆ ఆమ్లం ఊపిరితిత్తులను రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. మొదటిది సూటి దారి: పడుకున్నప్పుడు పుల్లటి నీళ్లు గొంతుదాకా వచ్చి, కొద్ది తుంపరలు గాలిగొట్టాల్లోకి జారతాయి. నోట్లో పులుపు తగిలిన వెంటనే మీకు దగ్గు తెర రావడానికి ఇదే కారణం కావచ్చు. రెండో దారికి ఆమ్లం గొంతుదాకా రావాల్సిన పనే లేదు. గర్భంలో పిండంగా ఉన్నప్పుడు అన్నవాహిక, గాలిగొట్టాలు ఒకే గొట్టం నుంచి చీలి ఏర్పడతాయి. అందుకే రెండింటికీ వెళ్లే నరం కూడా ఒకటే, దాని పేరు వేగస్. అన్నవాహిక అడుగున ఆమ్లం తగిలితే ఆ నరం ద్వారా గాలిగొట్టాలు బిగుసుకుంటాయి. దుమ్ముకో చలిగాలికో మామూలుగా కొంచెం బిగిసేవి అప్పుడు ఇంకాస్త ఎక్కువ బిగుస్తాయి.

ఇది తిరగబడి కూడా జరుగుతుంది. ఆయాసంలో గాలిని బలంగా లాగుతాం కదా, అప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గుతుంది, పొట్టలో పెరుగుతుంది. ఊపిరితిత్తులు గాలితో ఉబ్బి డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ నడుమ ఉండే కండరపు పొర) చదునైపోతుంది. అన్నవాహిక బిగింపుకు దన్నుగా ఉండేది ఆ డయాఫ్రమే. దానికితోడు దగ్గు తెరలు. కాబట్టి ఉబ్బసం అదుపు తప్పితే మంట పెరుగుతుంది, మంట పెరిగితే ఉబ్బసం ఇంకా రేగుతుంది. ఏది ముందు మొదలైందో చాలామందిలో తేల్చలేం. తేల్చకపోయినా వైద్యం ఆగదు.

ఎండోస్కోపీ నార్మల్ అన్నంత మాత్రాన ఆమ్లం పైకి రావడం లేదని అర్థం కాదు. పుండ్లు, ఒరుపు ఉంటేనే కెమెరాకు కనబడతాయి. మంటతో బాధపడే చాలామందిలో అవేవీ ఉండవు. గట్టిగా తేల్చుకోవాలంటే ముక్కు ద్వారా సన్నని తీగలాంటి గొట్టం వేసి 24 గంటలు ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ పరీక్ష ఉంది. దాని కొసను అన్నవాహిక బిగింపుకు 5 సెంటీమీటర్ల పైన ఉంచుతారు. జబ్బు ఉందో లేదో తేల్చడానికే ఈ పరీక్ష చేస్తున్నట్లయితే గ్యాస్ మాత్రను వారం ముందే ఆపమంటారు. మీ లక్షణాలు ఇంత స్పష్టంగా ఉన్నాయి కనుక ఇప్పుడే అంతదూరం వెళ్లనక్కర్లేదు. మందు వాడి చూడటమే మొదటి పరీక్ష.

మీ డాక్టరు గారితో మాట్లాడి పాంటొప్రజోల్ 40 మిల్లీగ్రాములు రోజుకు ఒకటి, ఎనిమిది వారాలు వాడి చూడండి. ఉదయం టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు, మంచినీళ్లతో మింగాలి. నమలకూడదు, నూరకూడదు. ఆమ్లం తయారుచేసే కణాలు పనిలోకి దిగే సమయానికి మందు రక్తంలో ఉంటేనే పట్టు దొరుకుతుంది. టిఫిన్ తిన్నాక గుర్తొచ్చి వేసుకునేవాళ్లే ‘నాకీ మాత్ర పనిచేయలేదు’ అంటుంటారు. పూర్తి ప్రభావం కనబడటానికి నాలుగైదు రోజులు పడుతుంది, మొదటి రాత్రికే తీర్పు చెప్పొద్దు.

మాత్ర కన్నా మంచం సంగతి ముఖ్యం. తలగడలు రెండు మూడు పేర్చుకుంటే నడుము దగ్గర మడత పడి పొట్ట నొక్కుకుంటుంది, మంట తగ్గకపోగా పెరుగుతుంది. ఎత్తు పెంచాల్సింది మంచానికి. తలవైపు రెండు కోళ్ల కిందా 15 నుంచి 20 సెంటీమీటర్లు, అంటే ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దిమ్మలు పెట్టాలి. ఇటుకలు పడుకోబెట్టి ఒకదానిపై ఒకటి రెండు పేరిస్తే ఇంచుమించు ఆ ఎత్తు వస్తుంది. గ్రానైటు గచ్చు మీద ఇటుక జారుతుంది. కింద పాత గోనెపట్టా మడిచి వేయండి, లేదా వడ్రంగి చేత నడుమ గుంట తీసిన చెక్క దిమ్మలు చేయించుకుంటే కోడు అందులో కూర్చుంటుంది, పక్కకు తప్పుకోదు. స్టోరేజీ ఉన్న పెట్టె మంచమైతే ఇది కుదరదు. దానికి నడుము పైభాగమంతా ఏటవాలుగా ఆనే పెద్ద ఫోమ్ దిమ్మ కొనుక్కోవాలి. ఎడమవైపు ఒత్తిగిలి పడుకోండి. కుడివైపు పడుకుంటే జీర్ణాశయం అన్నవాహిక కన్నా పైకి వచ్చి ఆమ్లం సులువుగా జారుతుంది.

తిండి విషయంలో పెద్ద జాబితా ఇవ్వం. ఆవకాయ, పులుసు, పచ్చిమిర్చి బజ్జీలు అందరికీ ఒకేలా చెరుపు చేయవు. ఏది తిన్న రాత్రి మంట వచ్చిందో రెండు వారాలు రాసుకుని, వాటినే తగ్గించండి. అందరికీ వర్తించేవి మాత్రం రెండు: రాత్రి తిండి తక్కువగా, నూనె తక్కువగా ఉండాలి, తిన్నాక పడుకోవడానికి మూడు గంటల ఎడం ఉండాలి. ఏడింటికి తినడం కుదరకపోతే సాయంత్రం ఐదున్నరకు కాస్త గట్టిగా ఏదైనా తిని, రాత్రి తేలికగా సరిపెట్టండి. మంట వచ్చినప్పుడు చల్లటి పాలు తాగితే హాయిగా అనిపిస్తుంది కానీ కాసేపటికి ఆమ్లం మళ్లీ ఊరుతుంది. మీ బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు కొలత) 32, అంటే ఊబకాయం. నాలుగు నుంచి ఎనిమిది కిలోలు తగ్గితే మంటకూ ఆయాసానికీ రెండింటికీ మేలు. ఈ ఒక్కటి చేయడం అన్నిటికన్నా కష్టమని మాకూ తెలుసు.

ఇక ఉబ్బసం వైపు. మందు పనిచేస్తోందా లేదా అన్నది ఊహతో కాదు, ఊదే వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటరుతో చూడండి. నిలబడి, నిండా గాలి పీల్చి, ఒక్క ఉదుటున ఊదాలి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోవాలి. ఉదయం పంపు పీల్చకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఉదాహరణకు పొద్దున 280, సాయంత్రం 340 వస్తే తేడా 60. రెండింటి సగటు 310. 60ని 310తో భాగిస్తే 19 శాతం. రెండు వారాల సగటు 10 శాతం దాటుతుంటే గాలిగొట్టాలు ఇంకా రేగుతున్నాయన్నమాట. మాత్ర మొదలుపెట్టే ముందు రెండు వారాలు, ఎనిమిదో వారం ముగిశాక రెండు వారాలు రాస్తే పోల్చి చూసుకోవచ్చు.

ఎంత మార్పు ఆశించాలో కూడా చెప్పాలి. మంట ఉన్న ఉబ్బసం రోగుల మీద జరిగిన పరీక్షల్లో, గ్యాస్ మాత్రల వల్ల ఊపిరితిత్తుల సామర్థ్యం పెద్దగా పెరగలేదు. కొందరిలో తీవ్రంగా ఎగపోత రావడం తగ్గింది, జీవన నాణ్యత కొంత మెరుగైంది. అంటే మీకు మంట తగ్గే అవకాశం ఎక్కువ, దగ్గు తగ్గవచ్చు, పంపు మాత్రం ఉండాల్సిందే.

చివరిగా, గ్యాస్ మీద నేరం మోపే ముందు మీరు పీల్చే తీరు ఒకసారి చూసుకోండి. రొటోక్యాప్ పెట్టి తిప్పాక, ముఖం పక్కకు తిప్పి ఊపిరి పూర్తిగా వదలాలి (పరికరంలోకి ఊదితే పొడి తడిసి ముద్దవుతుంది). పెదాలు బిగించి గట్టిగా, వేగంగా లోపలికి లాగి, పది సెకన్లు ఆపాలి. తెరిచి చూస్తే క్యాప్సూల్‌లో పొడి మిగిలి ఉంటే ఇంకోసారి లాగాలి. ఆ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. పుక్కిలించనివాళ్లలో నోటిపూత, గొంతు బొంగురు వస్తాయి. ఆ బొంగురును కూడా గ్యాస్ ఖాతాలోనే రాసేస్తుంటారు. రొటోక్యాప్‌ను మాత్రలా మింగేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నవ్వకండి.

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. పన్నెండేళ్లుగా ఆయాసానికి డెరిఫిల్లిన్ మాత్రలు, సాల్బుటమాల్ 4 మిల్లీగ్రాముల మాత్రలు, బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నారు. మూణ్నెల్ల క్రితం బీడీలు మానేశారు. ఇప్పుడు విపరీతమైన గుండెల్లో మంట, వికారం, గుండె దడ. పంపు అంటే ‘అలవాటైతే మానలేం’ అని ఒప్పుకోవడం లేదు.
– సూర్యాపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ నాన్నగారి మంటకు ఆయాసం మందులే కొంత కారణం కావచ్చు. డెరిఫిల్లిన్‌లో ఉన్న థియోఫిలిన్ అన్నవాహిక బిగింపును సడలిస్తుంది, ఆమ్లాన్ని ఎక్కువ ఊరిస్తుంది. సాల్బుటమాల్ మాత్ర కూడా ఆ బిగింపును సడలించేదే, ఆమ్లోడిపిన్ కూడా కొందరిలో అంతే. మూడూ ఒకే మనిషికి పడ్డాయి.

బీడీ మానేయడం గురించి రాసి మంచి పని చేశారు. పొగ తాగేవాళ్లలో కాలేయం థియోఫిలిన్‌ను వేగంగా కరిగించేస్తుంది. పొగ మానేశాక ఆ వేగం తగ్గి, అదే మోతాదు రక్తంలో ఎక్కువగా నిలుస్తుంది. వికారం, దడ, నిద్రలేమి థియోఫిలిన్ ఎక్కువైందనడానికి గుర్తులు, ఇంకా పెరిగితే గుండె లయ తప్పడం, ఫిట్స్ దాకా వెళ్లవచ్చు. విరేచనాలకో మూత్రంలో మంటకో సిప్రోఫ్లాక్సాసిన్ రాస్తే అది కూడా ఈ మందు స్థాయిని పెంచుతుంది. కాబట్టి ఈ వారంలోనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. సొంతంగా అన్నీ ఒకేసారి ఆపించకండి, బీపీ మాత్ర అసలే ఆపొద్దు.

వెళ్లినప్పుడు స్పైరోమెట్రీ (ఊదించి ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే పరీక్ష) చేయమనండి. అంతకాలం బీడీలు తాగిన మనిషిలో ఆయాసమంటే ఉబ్బసమే అనుకోకూడదు, సీఓపీడీ (ఎక్కువగా పొగ వల్ల గాలిగొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు) కావచ్చు. మొదట ఊదించి, సాల్బుటమాల్ పీల్పించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో వదిలిన గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లకు మించి పెరిగితే ఉబ్బసం వైపు మొగ్గు.

పంపు భయానికి ఒక లెక్క చెప్పండి. సాల్బుటమాల్ పంపు ఒక్క పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. ఆయన మింగే 4 మిల్లీగ్రాముల మాత్రలో ఉండేది 4,000 మైక్రోగ్రాములు. నలభై రెట్లు! మాత్ర ఒళ్లంతా తిరిగి కొంచెం ఊపిరితిత్తులకు చేరుతుంది, పంపు సరాసరి అక్కడికే వెళుతుంది. పంపు అలవాటైపోయే మత్తుమందు కాదు. జబ్బు ఉన్నన్నాళ్లు మందు కావాలి, అంతే, బీపీ మాత్రకు ఆయనే ఒప్పుకున్నారు కదా. చేతి-ఊపిరి సమన్వయం కుదరకపోతే స్పేసర్ (పంపుకు తగిలించే గొట్టంలాంటి డబ్బా) పెట్టి పీల్చమనండి.

ప్రశ్న: నాకు 58. షుగర్ ఉంది. మెట్లెక్కితే, బరువు మోస్తే ఛాతీ మధ్యలో మంట, ఆయాసం. ఆగితే తగ్గుతుంది. జెలూసిల్ తాగుతున్నాను. ఇది గ్యాసా, ఉబ్బసమా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రెండూ కాకపోవచ్చు. ఈ పత్రిక పక్కన పెట్టి ఈరోజే ఈసీజీ తీయించుకోండి. శ్రమపడితే వచ్చి ఆగితే తగ్గే మంట గుండె రక్తనాళాలు మూసుకుపోతున్నాయని చెప్పే గుర్తు, షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి బదులు ఆయాసమే ఎక్కువగా కనబడవచ్చు. జెలూసిల్ తాగాక తగ్గిందన్నది గుండె జబ్బు కాదనడానికి సాక్ష్యం కాదు. ఆ నిమిషాల్లో మీరు ఆగి కూర్చున్నారు కదా, తగ్గింది అందుకే కావచ్చు. విశ్రాంతిలో ఉన్నప్పుడు తీసిన ఈసీజీ నార్మల్ వచ్చినా అక్కడితో ఆగకండి, గుండె డాక్టరును కలవండి. మంట ఆగకుండా పావుగంట ఉన్నా, చెయ్యికో దవడకో పాకినా, చెమటలు పట్టినా స్కూటర్ తీయొద్దు, 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: వయసు 34, నైట్ షిఫ్టు ఉద్యోగం. ఉబ్బసం ఉంది. గుండెల్లో మంట, తేన్పులు ఏమీ లేవు. కానీ ‘లోపల గ్యాస్ ఉంటుంది, తెలియదు’ అని మా బాబాయి చెబితే ఆరు నెలలుగా మెడికల్ షాపులో పాన్-డి కొని రోజూ వేసుకుంటున్నా. ఆయాసం తగ్గలేదు. ఆపితే మాత్రం మంట వస్తోంది!
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ బాబాయి గారు అన్నట్టు బయటికి తెలియని ఆమ్లం ఉంటుంది, అది అబద్ధం కాదు. కానీ దానికి మాత్ర వేస్తే ఉబ్బసం తగ్గుతుందా అన్నదే ప్రశ్న. అమెరికాలో 2009లో వెలువడిన పెద్ద పరీక్షలో దాన్నే చూశారు. ఉబ్బసం అదుపులో లేని, మంట అసలు లేని లేదా అంతంతమాత్రంగా ఉన్న 412 మందిలో సగంమందికి ఎసోమెప్రజోల్ 40 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 24 వారాల తర్వాత రెండు గుంపుల్లో తేడా లేదు. ఆమ్లం కొలిచి చూస్తే సుమారు 40 శాతం మందిలో పైకి రావడం కనబడింది. వాళ్లలో కూడా మందు ఉబ్బసాన్ని తగ్గించలేదు. అందుకే మంట లేని ఉబ్బసం రోగికి గ్యాస్ మాత్ర రాయకూడదన్నది ఇప్పుడు వైద్యులు పాటించే పద్ధతి.

ఆపితే మంట రావడానికి కారణం జబ్బు కాదు, మాత్రే. నెలల తరబడి ఆమ్లాన్ని అణచి ఉంచితే, ఆపగానే అది ముందుకన్నా ఎక్కువ ఊరుతుంది. మంటే లేని ఆరోగ్యవంతులు ఎనిమిది వారాలు వాడి ఆపినా కొందరిలో ఇలాగే వచ్చింది. డాక్టరుతో మాట్లాడి, డి లేని ఉత్త పాంటొప్రజోల్ 20కి మారి రెండు వారాలు, తర్వాత రోజు మార్చి రోజు రెండు వారాలు వాడి ఆపండి. మధ్యలో మంట వస్తే జెలూసిల్ లాంటి యాంటాసిడ్ తీసుకుని సరిపెట్టండి. థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నట్లయితే యాంటాసిడ్‌కు దానికీ నాలుగు గంటలు, ఐరన్‌కైతే రెండు మూడు గంటలు ఎడం ఉంచండి.

పాన్-డిలోని డి అంటే డొంపెరిడోన్. దీన్ని కొద్దిరోజులకు మించి వాడకూడదు, కొందరిలో గుండె లయ తప్పిస్తుంది. దగ్గు పెరిగిందని అజిత్రోమైసిన్ తోడైతే ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఈ రెండూ ఒకే చీటీలో పడటం అరుదు కాదు, చీటీ తీసుకోగానే అడగండి.

ఆయాసం ఎందుకు తగ్గలేదో వెతకాల్సింది వేరే చోట: పీల్చే తీరు, స్టెరాయిడ్ పంపు రోజూ వాడటం, ఇంట్లో దోమల కాయిల్స్, అగరుబత్తులు, ఒంటినొప్పులకు వేసుకునే బ్రూఫెన్, డైక్లోఫెనాక్, మైగ్రేన్‌కు ప్రొప్రనొలాల్. చివరి మూడూ కొందరిలో ఉబ్బసాన్ని ప్రమాదకరంగా రేపుతాయి. ఊపిరి వదిలేటప్పుడు కాక లోపలికి లాగేటప్పుడు గొంతు దగ్గర శబ్దం, బిగుతు ఉంటే ఈఎన్‌టీ డాక్టరు చేత స్వరతంత్రులు చూపించండి. అది ఉబ్బసంలా కనబడే వేరే సమస్య, పంపుకు లొంగదు.

ప్రశ్న: మా బాబుకు 7 ఏళ్లు. ఉబ్బసం అన్నారు. ముందుజాగ్రత్తగా గ్యాస్ సిరప్ కూడా వేయమంటారా?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: వద్దమ్మా. మంట, పుల్లటి వాంతులు లేని 306 మంది ఉబ్బసం పిల్లల మీద లాన్సొప్రజోల్ 24 వారాలు పరీక్షించారు, ఫలితాలు 2012లో వచ్చాయి. ఉబ్బసం తగ్గకపోగా, మందు వాడిన పిల్లల్లో జలుబు, గొంతు ఇన్‌ఫెక్షన్లు ఎక్కువయ్యాయి. స్పేసర్‌తో పంపు సరిగ్గా ఇప్పించండి, చాలు. బాబు తిన్నది తరచూ కక్కుతున్నా, మింగడానికి ఇబ్బంది పడుతున్నా, బరువు పెరగకపోయినా అది వేరే సంగతి, అప్పుడు చూపించాలి.

ప్రశ్న: ఏడో నెల గర్భిణిని. మా అత్తగారు బిడ్డకు మంచిది కాదని పంపు మాన్పించారు. గుండెల్లో మంట భరించలేక రోజూ ఈనో తాగుతున్నాను.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పంపు ఈ పూటే మళ్లీ మొదలుపెట్టండి. తల్లికి ఆయాసం వస్తే బిడ్డకు అందాల్సిన ఆక్సిజన్ తగ్గుతుంది. బుడెసొనైడ్ లాంటి పీల్చే స్టెరాయిడ్లు గర్భిణులు ఏళ్ల తరబడి వాడుతున్నవే. మీ అత్తగారిని కూడా వెంటబెట్టుకుని డాక్టరు గారి దగ్గరకు వెళ్లండి, ఆ మాట ఆవిడ నేరుగా వింటే మంచిది. ఈనోలో సోడియం ఎక్కువ, కాళ్ల వాపు, బీపీ ఉంటే ఇంకా చెరుపు, రోజూ వద్దు. దాని బదులు కాల్షియం కార్బొనేట్ చప్పరింపు మాత్రలో, ఆల్జినేట్ సిరప్పో భోజనం అయ్యాక తీసుకోవచ్చు, ఏది ఎంతో మీ గైనకాలజిస్టు చెబుతారు. ఐరన్ మాత్రకు వాటికీ రెండు మూడు గంటలు ఎడం. మంచం తలవైపు ఎత్తు చేయడం, ఎడమవైపు పడుకోవడం మీకూ వర్తిస్తాయి. మంట పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పిగా మారినా, తలనొప్పి, కళ్లు మసకబారడం తోడైనా అది గ్యాస్ అనుకోకుండా వెంటనే బీపీ చూపించుకోండి.